నెలకు రెండుసార్లు 14 వేల మందికి తెలుగు ఉత్తరం: ఏ బల్క్ ఈమెయిల్ సర్వీసు తీసుకోవాలి?

నారాయణగూడ_పుస్తకాలు

నమస్కారమండి. మాది హైదరాబాద్‌లో చిన్న ప్రచురణ సంస్థ. కొత్త పుస్తకాల కబుర్లు, తగ్గింపు ధరలు, ఆవిష్కరణ సభల వివరాలతో నెలకు రెండు ఈమెయిళ్ళు పంపుతాం. జాబితాలో 14,000 దాకా అడ్రసులున్నాయి. కొన్ని వెబ్‌సైట్‌లో కొన్నవాళ్ళవి, కొన్ని పాత చందాదారులవి. మిగతావి డిసెంబరు బుక్ ఫెయిర్‌లో మా స్టాల్ రిజిస్టర్‌లో పాఠకులు చేత్తో రాసినవి.

ప్రస్తుతం గూగుల్ వర్క్‌స్పేస్ నుంచి బీసీసీలో విడతలుగా పంపుతున్నాం. పరిమితి దాటగానే ఆ రోజుకి ఆగిపోతోంది. వెళ్ళినవి కూడా స్పామ్‌లో పడుతున్నాయట. మెయిల్‌చింప్, జోహో క్యాంపెయిన్స్, బ్రెవో, అమెజాన్ ఎస్ఈఎస్ అని నాలుగు పేర్లు విన్నాం. నెలకు 2,500 రూపాయలు దాటకుండా ఏది తీసుకోమంటారు? మాకు ఐటీ మనిషి లేరు. వెబ్‌సైట్ చేసిన అబ్బాయి వారానికోసారి వచ్చి చూసి వెళ్తాడు.

ఇంకో ఇబ్బంది ఉంది. జీమెయిల్‌లో మా ఉత్తరం సగంలో తెగి, మిగతాది చూడాలంటే లింకు నొక్కమంటోంది. సర్వీసు మారిస్తే అది పోతుందా? బిల్లు రూపాయల్లో జీఎస్టీతో వస్తే మా అకౌంటెంట్ గారికి సుఖం.

పోస్ట్‌బాక్స్_500

పేర్ల కన్నా ముందు డబ్బు ఏ లెక్కన తీసుకుంటారో చూడండి. జాబితాలో ఎన్ని అడ్రసులున్నాయన్నది ఒక లెక్క, ఎన్ని మెయిళ్ళు పంపారన్నది ఇంకో లెక్క. రోజూ పంపేవాళ్ళకి మొదటిది లాభం. పెద్ద జాబితా పెట్టుకుని నెలకు రెండే పంపే మీకు రెండోది లాభం. మీవి నెలకు 28,000 మెయిళ్ళు. ఎస్ఈఎస్‌లో వెయ్యి మెయిళ్ళకి 10 సెంట్లు, అంటే మీ ఖర్చు 2 డాలర్ల 80 సెంట్లు.

మెయిల్‌చింప్‌ది అడ్రసుల లెక్క. పైగా అన్‌సబ్‌స్క్రైబ్ చేసుకుని వెళ్ళిపోయినవాళ్ళు కూడా కాంటాక్టులుగానే లెక్కకొస్తారు. వాళ్ళని ఎప్పటికప్పుడు ఆర్కైవ్ చేస్తేనే బిల్లులోంచి పోతారు. మీ స్థాయి జాబితాకి అది మీ బడ్జెట్‌లో పట్టదు, పక్కన పెట్టేయండి. బ్రెవోది ప్రధానంగా పంపిన మెయిళ్ళ లెక్క. దాని ఉచిత ప్లాన్ రోజుకి 300 మాత్రమే. ఒక్క ఉత్తరం అందరికీ చేరేసరికి నెలన్నర అవుతుంది కాబట్టి అది మీకు పరీక్షించుకోవడానికే పనికొస్తుంది.

ఎస్ఈఎస్ ఇంత చవక కదా అని వెంటనే దూకకండి. అది తపాలా డబ్బా లాంటిది, ఉత్తరం రాసుకునే బల్ల కాదు. డిజైన్ చేసుకునే ఎడిటర్ ఉండదు, సైనప్ ఫారం ఉండదు, ఎవరు వెళ్ళిపోయారో చూసుకునే పేజీ ఉండదు. అవన్నీ మీరు వేరేగా పెట్టుకోవాలి. కొత్త అకౌంట్ శాండ్‌బాక్స్‌లో ఉంటుంది. అంటే 24 గంటలకు 200 మెయిళ్ళు, అవి కూడా ముందుగా ధ్రువీకరించుకున్న అడ్రసులకే. బయటపడాలంటే అడ్రసులు ఎలా సేకరించారో, బౌన్స్ అయినవాటిని (చేరక తిరిగొచ్చినవాటిని), ఫిర్యాదు చేసినవాళ్ళని ఏం చేస్తారో రాసి దరఖాస్తు పెట్టాలి. "న్యూస్‌లెటర్ పంపుకుంటాం" అని ఒక్క వాక్యం రాస్తే తిప్పి పంపిస్తారు. సైనప్ పేజీ లింకు, ఉత్తరం నమూనా, నెలకు ఎన్ని, అన్‌సబ్‌స్క్రైబ్ ఎలా పనిచేస్తుంది, ఇవన్నీ రాయండి.

కాబట్టి చూసుకునే మనిషి లేకపోతే జోహో క్యాంపెయిన్స్. బిల్లు రూపాయల్లో వస్తుంది, డేటా ఇండియా సెంటర్‌లో ఉంటుంది, ఫోన్ చేస్తే మాట్లాడేవాళ్ళుంటారు. కొనేముందు మీ జాబితా ఏ శ్లాబులో పడుతుందో వాళ్ళ ధరల పేజీలో చూసుకోండి. వెబ్‌సైట్ అబ్బాయి నెలకు కొన్ని గంటలు కేటాయిస్తానంటే మాత్రం ఎస్ఈఎస్‌కి జతగా లిస్ట్‌మంక్ పెట్టుకోండి. జాబితా, ఉత్తరం ఇందులో చూసుకుంటారు, చేరవేసేది ఎస్ఈఎస్. షేర్ల బ్రోకరేజీ కంపెనీ జెరోధా వాళ్ళ దగ్గర పుట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అది, లైసెన్సు ఖర్చు లేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌తో కలిపి 1 జీబీ ర్యామ్ ఉన్న చిన్న సర్వర్ మీద మీ జాబితాకి హాయిగా నడుస్తుంది.

స్పామ్ సంగతి వేరు. అది సర్వీసు మారిస్తే పోయే జబ్బు కాదు. జీమెయిల్, యాహూ 2024 ఫిబ్రవరి నుంచి నియమాలు బిగించాయి. ఒక డొమైన్ నుంచి జీమెయిల్ అడ్రసులకి రోజుకి 5,000 దాటితే మిమ్మల్ని బల్క్ పంపేవాళ్ళ కింద వేస్తారు. ఒక్కసారి దాటినా ఆ ముద్ర శాశ్వతం. సబ్‌డొమైన్లతో విడగొట్టినా అసలు డొమైన్ లెక్కలోకే వస్తాయి. అప్పుడు మీ డొమైన్‌కి మూడు రికార్డులుండాలి: ఎస్పీఎఫ్ (మీ పేరుతో ఎవరు పంపొచ్చో చెప్పేది), డీకిమ్ (ఉత్తరం మీద డిజిటల్ సంతకాన్ని సరిచూసేది), డీమార్క్ (ఆ పరీక్షలు తప్పిన ఉత్తరాన్ని ఏం చేయాలో చెప్పేది). ఒక్క నొక్కుతో వెళ్ళిపోయే అన్‌సబ్‌స్క్రైబ్ హెడర్ (ఉత్తరంలో దాగి ఉండి, మెయిల్ యాప్ చేత బటన్ చూపించే వరుస) ఉండాలి, నొక్కినవాళ్ళని 2 రోజుల్లో తీసేయాలి. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదు, 0.1 లోపే ఉంచుకోమని గూగుల్ సలహా. మైక్రోసాఫ్ట్ కూడా 2025 మే నుంచి అవుట్‌లుక్, హాట్‌మెయిల్ అడ్రసులకి ఇలాంటి నియమాలే పెట్టింది. మీరిప్పుడు పంపే బీసీసీ ఉత్తరంలో ఆ హెడర్ ఉండదు. వద్దనుకున్న పాఠకుడికి కనిపించేది "స్పామ్" బటన్ ఒక్కటే, అదే నొక్కుతాడు.

కోఠీ_కోడర్

పై సమాధానంలో ఒక్కదానితో నాకు పేచీ ఉంది. "నెలకు కొన్ని గంటలు" అని లిస్ట్‌మంక్‌ని తేల్చేయకండి. పెట్టడం గంట పనే, డాకర్ అనే రెడీమేడ్ పొట్లాల పద్ధతిలో ఇంకా తొందరగా అవుతుంది. చూసుకోవడమే పని. రోజువారీ డేటాబేస్ బ్యాకప్ వేరే చోటికి వెళ్ళాలి. సర్వర్ పోతే జాబితాతో పాటు, ఎవరెవరు వద్దన్నారో ఆ చిట్టా కూడా పోతుంది. పాత ఎక్సెల్ తెచ్చి మళ్ళీ ఎక్కిస్తే వద్దన్నవాళ్ళందరికీ ఉత్తరం వెళ్తుంది. ఫిర్యాదులు గుప్పున పెరిగేది అక్కడే.

పెట్టుకున్నా సరే, మొదటి మెయిల్ పంపేలోపు ఈ నాలుగూ చూడండి:

సెట్టింగ్స్‌లో రూట్ యూఆర్ఎల్ (లింకులన్నీ మొదలయ్యే వెబ్ అడ్రసు) మీ అసలు అడ్రసుకి మార్చారా? అలా వదిలేస్తే ప్రతి ఉత్తరంలోనూ అన్‌సబ్‌స్క్రైబ్ లింకు లోకల్‌హోస్ట్‌కి, అంటే నొక్కినవాళ్ళ సొంత కంప్యూటర్‌కే వెళ్తుంది, ఎవరికీ పనిచేయదు.

ప్రైవసీ పేజీలో అన్‌సబ్‌స్క్రైబ్ హెడర్ చేర్చే ఆప్షన్ ఆన్‌లో ఉందా?

పంపే వేగం. లిస్ట్‌మంక్‌లో కంకరెన్సీని (ఒకేసారి పంపే వరసలెన్ని) మెసేజ్ రేట్‌తో (ఒక్కో వరస సెకనుకి పంపేవెన్ని) గుణిస్తే సెకనుకి ఎన్ని వెళ్తాయో వస్తుంది. డిఫాల్ట్‌గా వదిలేస్తే అది ఎస్ఈఎస్ మీకిచ్చిన సెకను పరిమితిని దాటిపోవచ్చు, అప్పుడు ఎర్రర్లు వరసకడతాయి. కంకరెన్సీ 2, రేటు 5 పెట్టుకుంటే సెకనుకి 10. మీ జాబితా మొత్తం అరగంటలోపే అయిపోతుంది, అంతకన్నా తొందరేముంది?

బౌన్స్ సమాచారం. ఎస్ఈఎస్‌లో ఎస్ఎన్ఎస్ (అమెజాన్ వాళ్ళ కబుర్లు చేరవేసే సర్వీసు) ద్వారా లిస్ట్‌మంక్‌కి వెబ్‌హుక్ (కబురు తనంతట తానే వచ్చి చేరే వెబ్ అడ్రసు) కట్టాలి. లేకపోతే చచ్చిన అడ్రసులన్నీ జాబితాలో బతికే ఉంటాయి. కొత్త అకౌంట్లలో హార్డ్ బౌన్స్ అయిన (ఎప్పటికీ చేరని) అడ్రసుని ఎస్ఈఎస్ తన సప్రెషన్ లిస్టులో వేసుకుని మళ్ళీ పంపదు, నిజమే. కానీ లిస్ట్‌మంక్‌కి ఆ సంగతి తెలియదు, వెళ్ళిందనే చూపిస్తుంది.

ఎస్ఈఎస్ వాళ్ళ గీతలు కూడా తెలుసుకోండి. బౌన్స్ 5 శాతం దాటితే అకౌంట్‌ని పరిశీలనలో పెడతారు, 10 దాటితే పంపడం ఆపేయవచ్చు. ఫిర్యాదులకి ఆ గీతలు 0.1, 0.5 శాతం. ఇందులో ఒక మెలిక ఉంది. జీమెయిల్ ఎవరు స్పామ్ నొక్కారో బయటికి చెప్పదు, కాబట్టి ఎస్ఈఎస్ డాష్‌బోర్డ్‌లో కనిపించే ఫిర్యాదుల్లో జీమెయిల్‌వి ఉండవు. అక్కడ సున్నా చూసి మురిసిపోకండి. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో మీ డొమైన్ చేర్చుకోండి, ఉచితం. జీమెయిల్ స్పామ్ శాతం, నియమాల్లో ఏది తప్పారో అక్కడ తెలుస్తుంది. తక్కువ మెయిళ్ళు వెళ్ళిన రోజు లెక్క చూపించదు.

ఆ సర్వర్ నుంచే సొంతంగా మెయిల్ పంపేద్దామని అబ్బాయి అంటే మాత్రం ఒప్పుకోకండి. క్లౌడ్ కంపెనీలు చాలావరకు మెయిల్ బయటికి వెళ్ళే దారి, పోర్ట్ 25, మూసేస్తాయి, తెరిపించినా కొత్త ఐపీకి (సర్వర్ అంకెల అడ్రసుకి) పరపతి ఉండదు. ఎస్ఈఎస్‌కి పోర్ట్ 587 మీద కలపండి. డెడికేటెడ్ ఐపీ (మీకొక్కరికే కేటాయించినది) కూడా మీకు అక్కర్లేదు. నెలకు 24.95 డాలర్లు పెట్టి కొన్నా, నెలకు రెండు రోజులే మెయిళ్ళు వెళ్తే ఆ ఐపీకి పేరు రాదు. అందరితో కలిసి వాడే షేర్డ్ ఐపీ చాలు.

డీటీపీ_బాధితుడు

జీమెయిల్‌లో తెగడం గురించి. అది సర్వీసు వల్ల కాదు, బరువు వల్ల. ఉత్తరం హెచ్‌టీఎంఎల్ సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ కత్తిరిస్తుంది. బొమ్మల సైజు ఇందులోకి రాదు, కోడ్ మాత్రమే. తెలుగువాళ్ళకి ఇక్కడ ఇంగ్లీషువాళ్ళకి లేని తిప్పలున్నాయి.

కంప్యూటర్లు అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు అక్షరానికి మూడు. గుణింతం గుర్తు, పొల్లు, వత్తు అన్నీ విడివిడిగానే లెక్క. "ప్రచురణ" అన్న మాటలో ప, పొల్లు, ర, చ, ఉకారం, ర, ణ మొత్తం ఏడు. అంటే 21 బైట్లు. ఇది భరించదగిందే. కొన్ని ఎడిటర్లు తెలుగు అక్షరాల్ని ఎంటిటీలుగా మార్చేస్తాయి, అంటే ఒక్కో అక్షరానికి ఆంపర్శాండ్, హాష్, నాలుగంకెలు, సెమీకోలన్. అప్పుడు ఒక్కోటి ఏడు బైట్లు, అదే "ప్రచురణ" 49కి చేరుతుంది. సగటున మాటకి తొమ్మిది గుర్తులు వేసుకోండి. 1,500 మాటల ఉత్తరం మామూలుగా 42,000 బైట్లయితే, ఎంటిటీలతో 96,000. డిజైన్ కోడ్ ఇంకా కలపనే లేదు, కత్తెర దగ్గరికొచ్చేశారు. ఎడిటర్‌లో సోర్స్ తెరిచి చూడండి. తెలుగు తెలుగులాగే కనిపించాలి, అంకెలు కనిపిస్తే ఎంటిటీ మార్పిడి ఆఫ్ చేయండి.

రెండో బరువు వర్డ్ నుంచి కాపీ చేయడం వల్ల వస్తుంది. పేరా పేరాకీ ఫాంటు, మార్జిన్లు, భాష పేరుతో చెత్త వెంట వస్తుంది. ముందు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి, అక్కడి నుంచి తీసుకోండి. మూడోది లింకులు. ఎవరు నొక్కారో లెక్కపెట్టడానికి సర్వీసు ప్రతి లింకునీ పొడుగాటి దానిగా మారుస్తుంది. ఎనిమిది పుస్తకాలకి ఒక్కోదానికి మూడు లింకులు పెడితే అదో అయిదారు కేబీ.

తెగితే అందం ఒక్కటే పోదు. తెరిచారో లేదో చెప్పే చిన్న బొమ్మ, అన్‌సబ్‌స్క్రైబ్ లింకు రెండూ అడుగున ఉంటాయి. అవి కత్తెర కింద పోతాయి. ఒకటి పోతే మీ లెక్క తప్పుతుంది, రెండోది పోతే పాఠకుడు మళ్ళీ స్పామ్ బటన్ దగ్గరికే వెళ్తాడు. 80 కేబీలోపు పెట్టుకోండి. ఒక్కో పుస్తకానికి రెండు మూడు వాక్యాలు రాసి, మిగతా పరిచయం వెబ్‌సైట్‌లో ఉంచండి.

ప్రచురణ వాళ్ళు కాబట్టి ఇదీ చెప్పాలి. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన మేటర్ యూనికోడ్ కాదు. పేజ్‌మేకర్ నుంచి నేరుగా తెచ్చి అతికిస్తే పాఠకుడికి పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. కన్వర్టర్‌లో వేసి, ఆ తర్వాత మనిషి ప్రూఫ్ చూడాల్సిందే. క్షకారం, జ్ఞ, రావత్తు, ఇంగ్లీషు మాటల చివరి పొల్లు, వీటి దగ్గరే మార్పిడి ఎక్కువగా తడబడుతుంది. ఈ బాధ పడలేక మొత్తం ఉత్తరాన్ని ఒక జేపీజీ బొమ్మగా పంపేసే పద్ధతి మన ఊళ్ళో బాగా ఉంది. దయచేసి వద్దు. బొమ్మలు ఆపుకున్నవాళ్ళకి తెల్ల కాగితం కనిపిస్తుంది, ఇన్‌బాక్స్‌లో వెతికితే దొరకదు, చూపులేనివాళ్ళ స్క్రీన్ రీడర్‌కి అందదు, మాటల్లేని బొమ్మ మెయిల్‌ని ఫిల్టర్లు కూడా అనుమానంగా చూస్తాయి.

ఫాంటు: వెబ్ ఫాంట్లు జీమెయిల్‌లో పనిచేయవు. పాఠకుడి ఫోన్‌లో ఏముంటే అదే. ఆండ్రాయిడ్‌లో నోటో, విండోస్‌లో నిర్మలా లేదా గౌతమి. మీ చేతిలో ఉన్నది సైజు, వరుసల ఎడం. 16 లేదా 17 పిక్సెళ్ళు, లైన్ హైట్ 1.6 నుంచి 1.7. ఇంగ్లీషు టెంప్లేట్లు 1.2, 1.3తో వస్తాయి. వాటిలో వత్తులు కింది వరుస గుడులకి తగులుతాయి, ఎత్తు బిగించిన బటన్లలో అయితే వత్తులు తెగుతాయి కూడా. రెండు వత్తులున్న మాట ఒకటి బటన్ మీద పెట్టి చూసుకోండి.

సబ్జెక్టు లైన్‌లో తెలుగు నేరుగా వెళ్ళదు, ముక్కలుగా ఎన్‌కోడ్ అయి వెళ్తుంది. ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు, అందులో 15 తెలుగు గుర్తులు పడతాయి. "కొత్త పుస్తకాలు" అన్నది సరిగ్గా ఒక ముక్క. అంతకన్నా పొడుగైతే సాఫ్ట్‌వేర్ రెండో ముక్క చేస్తుంది. సరిగా రాయని స్క్రిప్టులు అక్షరం మూడు బైట్ల మధ్యలో కోసేస్తాయి, అప్పుడు సబ్జెక్టులో ప్రశ్నార్థకం ఉన్న డైమండ్ గుర్తులు వస్తాయి. పైన చెప్పుకున్న సర్వీసుల్లో ఈ సమస్య ఉండదు. పాత పీహెచ్‌పీ స్క్రిప్టులతో జాగ్రత్త.

అల్వాల్_అడ్మిన్

అన్నా, సర్వీసు సంగతి అందరు చెప్పిన్రు. జాబితా సంగతి నేను చెప్త. ఆ 14,000 మొత్తం ఒక్కసారి ఎక్కిస్తే మొదటి రోజే అకౌంట్ ఆగిపోతది, ఏ సర్వీసైనా గంతే.

బుక్ ఫెయిర్ రిజిస్టర్‌ల రాసినయి చూసి టైపు చేసినరు కదా. జీమెయిల్ స్పెల్లింగ్ తప్పులు, డాట్ కామ్‌ల ఎం మరిచినయి, ఒకటికి ఎల్, సున్నాకి ఓ కొట్టినయి మస్తుగ ఉంటయి. ముందు ఎక్సెల్‌ల ఎట్ గుర్తు దగ్గర విడగొట్టి, డొమైన్ కాలమ్‌ని సార్ట్ చెయ్యున్రి. తప్పుడు డొమైన్లు కుప్పగ ఒక్క దగ్గరికొస్తయి. ఖాయంగ తప్పే అని తెలిసినయే దిద్దున్రి. అనుమానం ఉన్నది తీసెయ్యున్రి, ఊహించి దిద్దితే ఇంకెవరికో పోతది.

పాత చందాదారులది ఇంకో లొల్లి. గూగుల్ 2023 డిసెంబరు సంది రెండేండ్లు వాడని అకౌంట్లు తీసేస్తున్నది. చందా కట్టి పదేండ్లైనోళ్ళ అడ్రసులు చాన మట్టుకు బౌన్స్ అయితయి. రీడిఫ్, పాత యాహూ అయితే చెప్పనే వద్దు. కొన్ని మూసేసిన అడ్రసులను స్పామ్ పంపెటోళ్ళను పట్టనీకి బోను లెక్క వాడుతరు. దాంట్ల పడితే బౌన్స్ కూడ రాదు, డొమైన్ పేరు మాత్రం ఖరాబైతది.

ఏం చెయ్యాలంటే: గడిచిన ఏడాదిల కొన్నోళ్ళు, జవాబు రాసినోళ్ళు ఒక జాబితా. వాళ్ళకు మామూలుగ పంపున్రి. మిగిలినోళ్ళలో రెండేండ్ల లోపు వాళ్ళకు ఒక్కటే ఉత్తరం, "ఇంక కావాల్నా? కావాలంటే ఈ బటన్ నొక్కున్రి" అని, చిన్న చిన్న విడతలుగ. నొక్కినోళ్ళే ఉంటరు. అంతకన్న పాతయి పక్కకు పెట్టున్రి, పానం ఒప్పకున్నా సరే. సగం పోయినా నష్టం లేదు, శ్లాబు ధర కూడ తగ్గుతది.

తెరిచినోళ్ళ లెక్కను నమ్మి ఏరకున్రి. ఆపిల్ ఫోన్లు 2021ల వచ్చిన ఐఓఎస్ 15 సంది మెయిల్‌ల బొమ్మలను ముందే దించుకుంటున్నయి. మనిషి చూడకున్నా తెరిచినట్టే కనవడ్తది. లింకు నొక్కిన లెక్క చూడున్రి.

ఈసారి స్టాల్‌ల రిజిస్టర్ బదులు క్యూఆర్ కోడ్ పెట్టున్రి, ఫారం నింపినంక ధ్రువీకరణ మెయిల్ పోవాలె, అది నొక్కితేనే చేరాలె. రిజిస్టరే కావాలంటే పైన "కొత్త పుస్తకాల సమాచారం ఈమెయిల్‌లో పంపండి" అని అచ్చేసి పక్కన టిక్కు గడి పెట్టున్రి. డేటా రక్షణ చట్టం 2023ల వచ్చింది, నియమాలు 2025 నవంబరుల వచ్చినయి, విడతలుగ అమలైతున్నయి. ఒప్పుకోలు ఎంత అల్కగ తీసుకున్నరో, వెనక్కి తీసుకునుడు గూడ అంతే అల్కగ ఉండాలె అంటది చట్టం. డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ అని ఎవలన్న భయపెడితే, అది ఎస్ఎంఎస్‌కు, మెయిల్‌కు కాదు.

"హైదరాబాద్ ఈమెయిల్ డేటాబేస్" అని అమ్మెటోళ్ళ దిక్కు అసలే చూడకున్రి.

నారాయణగూడ_పుస్తకాలు

అందరికీ ధన్యవాదాలండి. అబ్బాయితో మాట్లాడాం, సర్వర్ భారం వద్దనుకుని జోహోతో మొదలుపెడుతున్నాం. డొమైన్ రికార్డులు చేర్చాం. ఎస్పీఎఫ్ వెరిఫై అయింది, డీకిమ్ మాత్రం "రికార్డు దొరకలేదు" అంటోంది. ప్యానెల్‌లో మాకు కనిపిస్తూనే ఉంది. ఎంతసేపు ఆగాలి?

పోస్ట్‌బాక్స్_500

ఒక రోజు దాటాక కూడా రాకపోతే ఆగి లాభం లేదు, రికార్డులోనే తప్పుంటుంది. నూటికి తొంభై సార్లు ఇదే: హోస్ట్ గడిలో సర్వీసు ఇచ్చిన పేరు మొత్తం, చివర మీ డొమైన్‌తో సహా పేస్ట్ చేసి ఉంటారు. ప్యానెల్ తనంతట తాను డొమైన్‌ని ఇంకోసారి తగిలిస్తుంది. రికార్డు మీ డొమైన్ పేరు రెండుసార్లు ఉన్న అడ్రసులో కూర్చుంటుంది. హోస్ట్ గడిలో సెలెక్టర్ పేరు (సర్వీసు ఇచ్చిన పేరులో మొదటి మాట), చుక్క, అండర్‌స్కోర్ డొమైన్‌కీ వరకే ఉంచి మీ డొమైన్ చెరిపేయండి.

అది కాకపోతే కీ (రికార్డులో ఉండే పొడుగాటి అక్షరాల వరస) తెగి ఉంటుంది. 2,048 బిట్ల కీ ఒక టెక్స్ట్ ముక్కలో పట్టే 255 అక్షరాలు దాటుతుంది. కొన్ని ప్యానెళ్ళు తామే ముక్కలు చేస్తాయి, కొన్ని చప్పుడు చేయకుండా చివర కోసేస్తాయి. సేవ్ చేశాక మళ్ళీ తెరిచి చివరి అక్షరాలు సరిపోల్చండి. వేరే సర్వీసుకి మారి డీకిమ్‌ని సీనేమ్ రికార్డుగా (ఇంకో పేరుకి దారి చూపేది) ఇవ్వాల్సి వస్తే, మీ డొమైన్ రికార్డులు క్లౌడ్‌ఫ్లేర్ సర్వీసులో ఉంటే అక్కడ నారింజ మబ్బు గుర్తు ఆపి బూడిద రంగులో ఉంచాలి.

ఎస్పీఎఫ్ వెరిఫై అయిందన్నారు, దాన్నీ ఒకసారి చూడండి. డొమైన్‌కి ఎస్పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. వర్క్‌స్పేస్‌ది ఒకటి, జోహోది ఒకటి అని రెండు వేస్తే రెండూ చెల్లవు, మీ ఆఫీసు మెయిళ్ళు కూడా దెబ్బతింటాయి. ఒకే రికార్డులో రెండు ఇన్‌క్లూడ్‌లూ (మీ పేరుతో పంపే సర్వీసుల పేర్లు) రాయాలి. అందులో డీఎన్ఎస్ (డొమైన్ పేర్ల చిట్టా) వెతుకులాటలు మొత్తం పదికి మించకూడదు. వదిలేసిన పాత సర్వీసుల ఇన్‌క్లూడ్‌లు ఉంటే తీసేయండి.

డీమార్క్ మొదట "నన్" (ఏమీ చేయొద్దనే) పాలసీతో, రిపోర్టులు వచ్చే అడ్రసు రాసి పెట్టండి. కొన్ని వారాలు రిపోర్టులు చూడండి. వెబ్‌సైట్ ఆర్డర్ మెయిళ్ళు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మెయిళ్ళు మీ పేరుతో ఇంకెక్కడి నుంచి వెళ్తున్నాయో అప్పుడు బయటపడుతుంది. వాటికీ డీకిమ్ పెట్టాకే క్వారంటైన్‌కి (స్పామ్‌లో వేయమని) మార్చండి. నేరుగా రిజెక్ట్ (తిప్పికొట్టమని) పెడితే మీ ఆర్డర్ మెయిళ్ళే తిరిగొస్తాయి.

ఫ్రమ్ అడ్రసు మీ డొమైన్‌దే వాడండి. జీమెయిల్ అడ్రసు ఫ్రమ్‌లో పెట్టి వేరే సర్వీసు నుంచి పంపితే డీమార్క్ సరిపడదు. న్యూస్‌లెటర్‌కి ఒక సబ్‌డొమైన్ పెట్టుకుంటే ఆఫీసు మెయిళ్ళ పేరుకి కొంత రక్ష. రిప్లై వచ్చే అడ్రసు మనిషి చూసేదై ఉండాలి. పాఠకులు జవాబు రాయడం మీ డొమైన్‌కి మేలే.

బర్కత్‌పురా_ఖాతాలు

బిల్లు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. పన్ను లేని అమ్మకాల కోసం కొన్న సేవ మీద ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. కాబట్టి జోహో బిల్లులో 18 శాతం మీకు తిరిగొచ్చే డబ్బు కాదు, ఖర్చే. 2,500 అనుకున్న బడ్జెట్ పన్నుతో కలిపి అయితే, పన్నుకు ముందు ధర 2,118 దాకా ఉండొచ్చు. వేరే పన్ను అమ్మకాలు కూడా ఉంటే దామాషా లెక్క, మీ అకౌంటెంట్ గారు చూసుకుంటారు.

జీఎస్టీ నంబరున్న సంస్థ విదేశీ కంపెనీ నుంచి నేరుగా కొంటే, బిల్లులో పన్ను లేకపోయినా రివర్స్ ఛార్జ్ కింద 18 శాతం మీరే కట్టాలి. డాలర్ ధరలు చవగ్గా కనిపించడానికి ఇదొక కారణం. నంబరు లేకపోతే ఆ కంపెనీయే వసూలు చేసి కట్టాలి.

కార్డు మీద ఆటోమేటిక్ చెల్లింపు పెడితే ఆర్‌బీఐ ఈ-మాండేట్ (ముందే ఇచ్చే చెల్లింపు అనుమతి) నియమాలు వర్తిస్తాయి. 15,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. ఆ లోపైనా మాండేట్ సరిగా నమోదు కాకపోతే చెల్లింపు తిరస్కారమై, ఉత్తరం పంపాల్సిన రోజే అకౌంట్ ఆగుతుంది. ఏడాది ప్లాన్ ఒకేసారి కట్టడం నయం. కానీ జాబితా శుభ్రం చేసి, అసలు సంఖ్య తేలాకే ఏడాదికి కట్టండి. 14,000కి కట్టి 8,000 వాడితే మిగతాది వృథా.

నారాయణగూడ_పుస్తకాలు

హోస్ట్ గడిలో డొమైన్ రెండుసార్లు పడింది, అదే తప్పు. దిద్దగానే వెరిఫై అయింది. ఆఖరి ప్రశ్న: మొదటి ఉత్తరం ఒకేసారి పంపేయొచ్చా?

కోఠీ_కోడర్

వద్దు. కొత్త దారి నుంచి మీ పేరుతో ఒక్కసారిగా వేలల్లో వస్తే జీమెయిల్ అనుమానిస్తుంది. ఈ మధ్య కొన్నవాళ్ళతో మొదలుపెట్టి మొదటి రోజు 500, తర్వాత 1,000, 2,000, 3,000 అలా రోజు విడిచి రోజు పంపండి. రెండో ఉత్తరం రెండు విడతల్లో, మూడోది ఒకేసారి. విడత విడతకీ బౌన్స్ రిపోర్టు తెరిచి కోడ్ చదవండి. 550 5.1.1 అంటే ఆ అడ్రసే లేదు, తీసేయండి. 452 4.2.2 అంటే డబ్బా నిండింది, మూడు ఉత్తరాలకి అలాగే వస్తే తీసేయండి. 550 5.7.26 అంటే మీ డీకిమ్, ఎస్పీఎఫ్ సరిపడలేదు, పంపడం ఆపి రికార్డులు చూడండి. 421 4.7.28 వస్తే వేగం ఎక్కువైందని, ఆ రోజుకి ఆపి మర్నాడు సగం సంఖ్యతో మొదలుపెట్టండి.

5.1.1లు మొదటి విడతలోనే 2 శాతం దాటితే మిగతా జాబితాని పంపే ముందు అల్వాల్ అన్న చెప్పినట్టు మళ్ళీ జల్లెడ పట్టండి.